నాలుక కుట్టించుకున్నాక మంట ఎలా తగ్గిందంటే

నగ పెట్టుకోవడానికి నాలుకకు రంధ్రం కుట్టించుకున్న (పియర్సింగ్) రెండో రోజుకే నాలుక వాచి, మాట ముద్దగా వచ్చింది. వాపు మామూలే, అందుకే మొదట ఆ రంధ్రంలో నగగా పొడవు కడ్డీ వేస్తారు. నాకు టెన్షన్ పెట్టింది మంట. పుక్కిలించిన ప్రతిసారీ కళ్లలో నీళ్లు! సీసా తిప్పి చూస్తే మౌత్‌వాష్‌లో ఆల్కహాల్ ఉంది. అది మానేసి, కాచి చల్లార్చిన గ్లాసు నీళ్లలో పావు టీస్పూన్ ఉప్పు కలిపి, ఏం తిన్నా వెంటనే పుక్కిలించాను. ఐస్ ముక్కలు చప్పరించాను. ఆవకాయ జోలికి పోలేదు, చల్లారిన రాగిజావే తాగాను. ఐదో రోజుకి వాపు దిగింది.

అప్పుడు కడ్డీ పళ్లకు టకటకా తగలడం మొదలైంది. వదిలేస్తే పళ్లు చిట్లుతాయి, చిగుళ్లు దెబ్బతింటాయి. మూడో వారంలో కుట్టినామె దగ్గరికే వెళ్లి పొట్టిది వేయించుకున్నాను. ఇది మాత్రం ఇంట్లో సొంతంగా చేయకండి. కడ్డీ తీస్తే రంధ్రం గంటల్లోనే పూడుకుపోవచ్చు.