పాత బుల్లెట్ ఫ్రేములో ఇంకో బుల్లెట్ ఇంజిన్ ఎక్కించడం ఎలా?

కడప, ప్రొద్దుటూరు వైపు పాత బుల్లెట్ల వాళ్లకు ఇది మామూలే. ఒకరి దగ్గర ఫ్రేము నిక్షేపంగా ఉంటుంది, ఇంజిన్ పోయుంటుంది. ఇంకొకరి దగ్గర ఇంజిన్ టక్కున స్టార్ట్ అవుతుంది, ఫ్రేము మాత్రం తుప్పు పట్టి గుజిరీకి పోయే స్థితిలో ఉంటుంది. రెండూ కలిపితే ఒక బండి అవుతుంది కదా అనిపిస్తుంది. అవుతుంది కూడా, కాకపోతే ఇంజిన్ ఫ్రేములో పట్టడం వేరు, వరసలో కూర్చోవడం వేరు. అసలు పనంతా ఆ రెండోదాంట్లోనే ఉంది.

ఏది దేంట్లో పడుతుంది?

నేను చెప్పేది పాత కాస్ట్ ఐరన్ ఇంజిన్ల గురించి. వీటిలో గేర్ బాక్స్ వేరే డబ్బాగా ఉండి ఇంజిన్ వెనక బోల్టులతో బిగిసి ఉంటుంది. 350 సీసీ ఇంజిన్‌కు బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 70 మిల్లీమీటర్లు, 500 సీసీకి 84, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) రెండింటికీ 90. 350 తీసి 350 పెట్టడం అన్నిటికన్నా సులువు. 500 పెట్టాలని సరదా పడితే దాని వీఎం 28 కార్బురేటర్, సైలెన్సర్ బెండు, స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) కూడా వెతుక్కోవాలి. 500కి బలం ఎక్కువ కాబట్టి, మీ ఫ్రేముకు ముందు చక్రంలో పాత 6 అంగుళాల బ్రేకు డ్రమ్మే ఉంటే, ముందు దాని సంగతి చూసి తర్వాత ఇంజిన్ మాట ఎత్తండి. తర్వాత క్లాసిక్ మోడల్‌లో వచ్చిన కొత్త తరం ఇంజిన్ జోలికి మాత్రం పోవద్దు. అందులో గేర్ బాక్స్, ఇంజిన్ ఒకే కేసులో, అంటే ఒకే పెట్టెలో ఉంటాయి, పాత ఫ్రేము కోయకుండా పట్టదు, కోసిన ఫ్రేము మీద నేనైతే ఎక్కను.

పానా పట్టకముందు కాగితాలు

ఇంజిన్ నంబర్ ఆర్‌సీలో ఉంటుంది కాబట్టి ఇది మీ ఇంటి వ్యవహారం మాత్రమే కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మారిస్తే 14 రోజుల్లోపు ఆర్టీఓ ఆఫీసుకు తెలియజేసి ఆర్‌సీలో మార్పించుకోవాలి. పని మొదలుపెట్టకముందే వెళ్లి అడిగి అనుమతి తీసుకోండి, సీసీ కూడా మారుతుంటే మరీ ముఖ్యం. కొనే ఇంజిన్‌కు బిల్లు, అది దిగిన బండి ఆర్‌సీ కాపీ తీసుకోండి. ఇంజిన్ కేసు మీద నంబర్ అరగదీసినట్టో, మళ్లీ కొట్టినట్టో ఉంటే ఎంత చవకైనా వదిలేయండి.

ఇంకో మాట. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద ‘వీఏ’ సిరీస్ వింటేజ్ నంబర్ తీసుకోవచ్చు, కానీ ఇంజిన్, ఛాసిస్ పెద్దగా మార్చకుండా ఉండాలి. మీ బండి ఆ వయసుదైతే మార్చాలా, పాత ఇంజిన్‌కే సిలిండర్ బోరు చేయించి బాగు చేసుకోవాలా అన్నది ఒకసారి ఆలోచించుకోండి.

దించడం

విప్పే ముందు నాలుగు వైపుల నుంచీ ఫోన్‌లో ఫొటోలు తీయండి. ఈ వరసలో విప్పండి: బ్యాటరీ వైరు, ట్యాంకు, కార్బురేటర్, సైలెన్సర్, కేబుళ్లు, చైను, హెడ్డును (ఇంజిన్ పై భాగాన్ని) ఫ్రేముకు పట్టి ఉంచే పట్టీ, ఆ తర్వాత ఇంజిన్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ముందు ప్లేట్లు, వెనక ప్లేట్లు. బుల్లెట్‌కు ఇంజిన్ కింద ఫ్రేము గొట్టం ఉండదు, ఇంజినే అక్కడ వంతెన. అది తీసేస్తే ఫ్రేము మధ్యలో తెగినట్టు అవుతుంది కాబట్టి సెంటర్ స్టాండును నమ్మకుండా ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టి, పైనుంచి తాడు కట్టండి. ఎత్తడానికి ముగ్గురు ఉంటే మంచిది, లేదంటే హెడ్డు, సిలిండర్ ముందే విప్పేస్తే బరువు తగ్గుతుంది.

కూర్చోబెట్టడం

ఇక్కడ తొందర పడకండి. పెట్టబోయే ఇంజిన్ రంధ్రాలు పాత ప్లేట్లకు కలవకపోతే అట్టముక్క మీద గుర్తులు పెట్టుకుని, అదే మందం ఇనుప రేకుతో లేత్ షెడ్డులో కొత్త ప్లేట్లు చేయించండి. ఫ్రేము రంధ్రాలను మాత్రం పెద్దవి చేయొద్దు. పాత బండ్లలో బ్రిటిష్ థ్రెడ్ బోల్టులు ఉంటాయి, మిల్లీమీటర్ బోల్టు రెండు చుట్లు తిరిగి బిగుసుకుందంటే ఆగిపోండి, ఇంకా తిప్పితే థ్రెడ్డు పోతుంది.

బోల్టులన్నీ చేత్తో తిరిగేంత వదులుగా ఎక్కించి, ఏ బోల్టూ సుత్తి అడగడం లేదని చూసుకున్నాకే బిగించడం మొదలుపెట్టండి. సందు మిగిలితే వాషర్ వేసి నింపాలి గానీ బోల్టు బిగించి ఫ్రేమును లాగకూడదు, లాగితే ఆ బిగువంతా వణుకుగా మారి కొన్నాళ్లకు ప్లేటు పగులుతుంది.

తర్వాత చైను వరస. వెనక స్ప్రాకెట్ పక్కకు ఒక నైలాన్ దారం ఆనించి బిగుతుగా ముందుకు లాగి గేర్ బాక్స్ స్ప్రాకెట్ దాకా తీసుకురండి. వెనక చక్రం నేరుగా ఉండి కూడా దారం ముందు స్ప్రాకెట్‌కు తగలకుండా పక్కకు పోతుంటే ఇంజిన్ అంత పక్కకు కూర్చున్నట్టు. మళ్లీ వదులు చేసి సరిచేయండి, విసుగొచ్చినా సరే. చైను మధ్యలో 25 మిల్లీమీటర్ల దాకా ఆడాలి.

వైరింగ్ త్వరగానే తేలిపోతుంది. 6 వోల్టుల బండిలో 12 వోల్టుల ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించే భాగం) ఉన్న ఇంజిన్ పెడితే బ్యాటరీ, బల్బులు, హారను, కాయిల్ అన్నీ 12కి మారాలి. ఫ్రేముకు కొత్తగా పెయింట్ కొట్టించి ఉంటే ఎర్త్ వైరు దగ్గర కొంచెం గీకండి.

మొదటి కిక్కు

ఆయిల్ పోసి, ప్లగ్గు తీసేసి, హెడ్డు మీదికి పోయే సన్న పైపు బోల్టు కాస్త వదులు చేసి కిక్కర్ తొక్కుతూ ఉండండి. అక్కడ ఆయిల్ ఊరే దాకా స్టార్ట్ చేయొద్దు. టాపెట్లు (వాల్వుల సందు సరిచేసే చోటు) ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి, పిస్టన్ కంప్రెషన్‌లో పైకొచ్చినప్పుడు వాల్వును కదిలించే పుష్ రాడ్డు రెండు వేళ్లతో సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం కదలకూడదు.

మే నెల మధ్యాహ్నం కడప ఎండలో ట్రయల్ పెట్టుకోకండి, పొద్దున్నే ఊరి చుట్టూ తిప్పండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక అన్ని మౌంటింగ్ బోల్టులూ, చైనూ మళ్లీ చూడండి, చాలావరకు ఏదో ఒకటి వదులై ఉంటుంది. అవి నిలబడ్డాకే గువ్వలచెరువు ఘాటు ఎక్కి పాలకోవా తిని రండి, వచ్చాక ఆయిల్ మార్చేయండి.

దిగిన పాత ఇంజిన్‌ను తూకానికి అమ్మకండి. దాని మీదున్న నంబర్ మీ బండి అసలు నంబర్, రేపు ఎప్పుడైనా బండిని మొదటి రూపానికి తేవాలంటే అదే కావాలి. లోపల కాస్త ఆయిల్ పోసి, ప్లగ్గు రంధ్రం మూసి, గోనెసంచిలో చుట్టి తడి తగలని చోట పెట్టండి.