సరిహద్దు అడవుల్లో స్థిరపడిన మాజీ సైనికుడి కథ, కుటుంబంతో సహా, ఎలా రాయాలి?

బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం కోసం జరిగిన అమెరికా విప్లవ యుద్ధంలో పోరాడినవాళ్లలో చాలామంది ఆ తర్వాత భూమి కోసం కెంటకీ, టెనెసీ, ఒహాయో వైపు వెళ్లారు. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఉంటున్న తెలుగువాళ్లకు దగ్గర్లోని పాత శ్మశానంలోనే అలాంటి ఒకాయన సమాధి కనిపించవచ్చు. ఆయన కథ రాయాలనిపిస్తే యుద్ధాలను కాసేపు పక్కన పెట్టి, ముందు ఆయన భార్య పేరు కనుక్కోండి. ఆ ఇంటి సంగతులు చెప్పే కాగితాలు చాలాసార్లు ఆమె వల్లే మిగిలాయి.

ముందు పింఛను ఫైలు తీయండి. ఇవి అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఆన్‌లైన్‌లోనూ చూడవచ్చు. 1818 చట్టం పేదరికంలో ఉన్న పాత సైనికులకు పింఛను ఇచ్చింది. 1820 నుంచి వాళ్లు ఆస్తి జాబితా కూడా ఇవ్వాల్సి వచ్చింది. ఎన్ని ఆవులు, ఏ గిన్నెలు, ఇంట్లో ఎవరెవరు, ఎవరికి పని చేసే ఓపిక ఉంది అన్నీ అందులో దొరుకుతాయి. ఒక కుటుంబం ఎలా బతికిందో ఇంత దగ్గరగా చూపే కాగితం అరుదు, తొందరపడకుండా చదవండి.

సరిహద్దు ప్రాంతాలవాళ్లు ఎక్కువగా మిలీషియాలో, అంటే శాశ్వత సైన్యం కాని స్థానిక పౌర దళాల్లో, పనిచేశారు. వాళ్లకు దారి తెరిచింది 1832 చట్టం. కోర్టులో ప్రమాణం చేసి ఎక్కడ పుట్టారో, యుద్ధానికి ముందూ తర్వాతా ఎక్కడెక్కడ ఉన్నారో, ఎవరి కింద పనిచేశారో చెప్పాలి. ఆ జవాబులను మ్యాపు మీద గుర్తు పెట్టుకుంటూ పోతే కుటుంబం నడిచిన దారి తెలుస్తుంది. అయితే యాభై ఏళ్ల తర్వాత ముసలితనంలో చెప్పిన మాటలు కాబట్టి తేదీల కన్నా అధికారుల పేర్లను పట్టుకోండి. అదే దళంలోని మరొకరి ఫైలుతో పోల్చి చూడండి.

1836, 1838 చట్టాలతో వితంతువులకూ పింఛను వచ్చింది. పెళ్లి రుజువు కోసం కొందరు పిల్లల పుట్టిన తేదీలు రాసుకున్న ఇంటి బైబిల్ పేజీని చింపి దరఖాస్తుకు జతచేశారు. అది దొరికితే మీ పని సగం అయినట్టే.

జనగణనను జాగ్రత్తగా వాడండి. 1790 నుంచి 1840 దాకా ఇంటి యజమాని పేరు మాత్రమే రాసేవారు. ఇంట్లో బానిసలు కాని వాళ్లందరి పేర్లూ నమోదైంది 1850 నుంచే. 1840లో మాత్రం పింఛనుదారుల పేరు, వయసు విడిగా రాశారు.

తర్వాత భూమి కాగితాలు. ఆ భూమి ఎవరిదో కూడా రాయండి. 1768 ఒప్పందంలో కెంటకీ వేట నేలలను ఇరొక్వా అనే స్థానిక అమెరికన్ తెగలవాళ్లు వదులుకున్నారు, అక్కడ వేటాడే మరో తెగ షానీలు దాన్ని ఒప్పుకోలేదు. అప్పటి సెటిలర్లలో చాలామంది ఇళ్లల్లో బానిసలూ ఉన్నారు. పన్ను జాబితాల్లో వాళ్లు అంకెలుగానే కనిపిస్తారు, ఆ అంకెలను వదిలేయకండి.

ఇప్పుడు రెండు వరుసల్లో రాయండి. ఎడమవైపు ఆయన, కుడివైపు ఇల్లు. ఉదాహరణకు కెంటకీలో తొలినాళ్లలో స్థిరపడి పేరుపొందిన డేనియల్ బూన్. 1778 ఫిబ్రవరిలో షానీలకు పట్టుబడి, వాళ్ల నాయకుడికి దత్తపుత్రుడై, జూన్‌లో తప్పించుకుని కెంటకీలోని తన కోట బూన్స్‌బరోకు వచ్చాడు. కుడివైపు వరుసలో ఏముంది? 1756లో ఆయన్ను పెళ్లాడిన రెబెకా పది మంది పిల్లల్ని కన్నది. పెద్ద కొడుకు జేమ్స్‌ను 1773లో చంపేశారు. 1776లో కూతురు జెమైమాను ఎత్తుకుపోతే బూన్ బృందం విడిపించి తెచ్చింది. 1778లో భర్త చనిపోయాడనుకుని రెబెకా పిల్లలతో నార్త్ కరోలినాకు తిరిగి వెళ్లిపోయింది. 1782లో కెంటకీలోని బ్లూ లిక్స్ దగ్గర జరిగిన పోరులో ఇజ్రాయెల్ అనే కొడుకు తండ్రి కళ్లెదుటే పోయాడు. ఎడమ వరుసలోని ప్రతి సాహసానికీ ఆమె ఏం భరించిందో కుడి వరుస చెబుతుంది.

చివరగా బంధువుల మాటలు. బూన్ 1820లో మరణించాడు. 1851లో లైమన్ డ్రేపర్ అనే చరిత్రకారుడు బూన్ చిన్న కొడుకు నేథన్‌నీ, కోడలు ఆలివ్‌నీ కూర్చోబెట్టి అడిగి రాసుకున్నాడు. మీ సైనికుడి గురించి అలాంటి జ్ఞాపకాలు దొరికితే ఎవరు, ఎప్పుడు, ఎన్నేళ్ల తర్వాత చెప్పారో పక్కనే రాయండి. కాగితంతో కుదరని చోట రెండు మాటలనూ ఉంచండి. పూర్తయ్యాక ఒక ప్రతిని ఆ కౌంటీ లైబ్రరీకో చరిత్ర సంఘానికో ఇవ్వండి, ఆ వంశంవాళ్లు వెతుక్కుంటూ ముందు అక్కడికే వస్తారు.