టెక్ షేర్ టిప్ వస్తే కాయ ఒలిచి చూడండి

మా అనంతపురం జిల్లాలో శెనక్కాయలు కొనేవాళ్ళు మూట చూసి రేటు చెప్పరు, గుప్పెడు ఒలిచి గింజ ఎంత పడుతుందో చూసుకోని అప్పుడు నోరు తెరుస్తారు. మా చిన్నాయన కూడా అంతే, కాయ పగలగొట్టకుండా విత్తనాలు కొన్నోడు కాదు. అట్లాంటి మనిషి, ఇంటర్నెట్ కంపెనీల షేర్లు ఆకాశానికి ఎగిరి తర్వాత కూలిపోయిన 2000 మొదట్లో, క్లాక్ టవర్ దగ్గర టీ తాగుతా ఎవరో చెప్పినారని కాయలమ్మిన దుడ్డంతా ఒక సాఫ్ట్‌వేర్ షేర్లో పెట్టేసినాడు, ఏం కంపెనీ అంటే "ఇంటర్నెట్టప్పా" అంతే. ఇప్పుడు ఏఐ అంటున్నారు, టీ మాత్రం అదే. అందుకే టిప్ వస్తే నేను చేసేది చెప్తా.

ముందు మొత్తం కంపెనీ రేటు కట్టండి. షేరు 40 రూపాయలే కదా చీపు అనుకుంటాం, కంపెనీకి మొత్తం షేర్లు 100 కోట్లుంటే మార్కెట్ క్యాప్, అంటే మొత్తం కంపెనీ రేటు, 4000 కోట్లు. దాన్ని ఏడాది లాభంతో భాగించండి. లాభం 20 కోట్లయితే 200 రెట్లు, అంటే లాభం పెరక్కుంటే మీ దుడ్డుకి సరిపడా సంపాదించేదానికి 200 ఏళ్ళు. లాభమే లేదా? అప్పట్లో అట్లాంటివాటికి సైటుకి ఎంతమంది వస్తున్నారో లెక్కబెట్టి రేటు కట్టినారు, పెంపుడు జంతువుల సామాన్లు ఆన్‌లైన్లో అమ్మే అమెరికా కంపెనీ పెట్స్ డాట్ కామ్ 2000 ఫిబ్రవరిలో షేరు 11 డాలర్లకి ఐపీఓకొచ్చి (మొదటిసారి జనానికి షేర్లమ్మి) నవంబర్‌కి మూతపడింది.

కంపెనీ మంచిదైతే చాలు అనుకోవద్దు. అమెరికా కంపెనీ సిస్కో నిజంగానే ఇంటర్నెట్‌కి కావాల్సిన రూటర్లు అమ్మేది, లాభం కూడా ఉండేది, 2000 మార్చిలో ప్రపంచంలోనే ఖరీదైన కంపెనీ అయింది, ఆ రేటుకి కొన్నోళ్ళకి 20 ఏళ్ళైనా ఆ రేటు మళ్ళీ కనబళ్ళా. గింజ ఉంది, మూట రేటే తప్పు.

తర్వాత పాత యాన్యువల్ రిపోర్టులు తీయండి, బీఎస్ఈ, ఎన్ఎస్ఈ స్టాక్ ఎక్స్ఛేంజీల సైట్లలో ఫ్రీనే. కొత్తగా పేరులో టెక్ చేర్చుకుంటే అంతకుముందు ఏం అమ్మేదో చూడండి, అప్పట్లో ఇన్ఫోటెక్ అని బోర్డు మార్చితే చాలు రేటు ఎగిరేది. షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్‌లో (ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో చెప్పే పట్టీ) ప్రమోటర్, అంటే కంపెనీని నడిపే యజమాని, వాటా తగ్గుతా ఉందా, తాకట్టులో ఉందా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది.

అప్పు తెచ్చి కొనొద్దు. అప్పట్లో బద్లా అని, పూర్తి దుడ్డు కట్టకుండా వడ్డీ కట్టి బేరం ముందుకు జరుపుకునే పద్ధతి ఉండేది, 2001 జులైలో ఆపేసినారు, ఇప్పుడు మార్జిన్ (బ్రోకర్ అప్పుతో కొనేది), ఎఫ్ అండ్ ఓ (కొంచెం దుడ్డుతో పెద్ద బేరం కట్టే ఫ్యూచర్స్, ఆప్షన్స్) వచ్చినాయి. టెక్ షేర్లు ఎక్కువుండే అమెరికా సూచీ నాస్‌డాక్ 2000 మార్చి 10న 5048 దగ్గర క్లోజైంది, 2002 అక్టోబర్‌కి 1114, అంటే వంద 22 అయినట్టు, మళ్ళీ వంద కావాలంటే నాలుగున్నర రెట్లు పెరగాల, 2015 దాకా పట్టింది. పంట పెట్టుబడీ పిల్లోళ్ళ ఫీజూ అన్నేళ్ళు ఆగుతాయా?

చిన్నాయన షేర్ కాగితాలు ఇంకా ట్రంకు పెట్టెలోనే ఉన్నాయి, ఆ కంపెనీ ట్రేడింగే లేదు. మీ ఇంట్లో అట్లాంటివి దొరికితే మాత్రం పారేయొద్దు, కంపెనీ ఇంకా నడుస్తా ఉంటే డీమ్యాట్ (కాగితం షేర్లని ఎలక్ట్రానిక్ ఖాతాలోకి మార్చడం) చేయించుకోవచ్చు, ఏడేళ్ళు డివిడెండ్ తీసుకోకుంటే షేర్లు ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ ఫండ్‌కి పోయుంటాయి, అక్కడ క్లెయిమ్ పెట్టండి.