సర్వర్ డిస్కుల వేగాన్ని పరీక్షించే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

సర్వర్‌లో డిస్కులు నెమ్మదించాయని తెలియగానే చాలామంది ఏదో ఒక పరీక్షా సాధనాన్ని తెచ్చి వాటి మీద పూర్తి భారం మోపుతారు. నిజానికి అది చిట్టచివర చేయవలసిన పని. డేటా ఉన్న డిస్కుల మీద భారీ పరీక్ష పెట్టడం ప్రమాదంతో కూడుకున్నది కనుక, ముందు ఉన్న స్థితిని చదివి రాసుకోవాలి, తరువాత లెక్క వేయాలి, ఆ తరువాతే కొలవాలి.

బ్యాకప్ ఉందన్న మాట ఒక్కటే చాలదు. అందులోంచి కొన్ని ఫైళ్లను వెనక్కి తెచ్చి, అవి సరిగ్గా తెరుచుకుంటున్నాయని చూసి ఉండాలి. రైడ్ శ్రేణిలో (అనేక డిస్కులను కలిపి ఒక్కటిగా వాడే ఏర్పాటు) ఇప్పటికే ఒక డిస్కు పోయి ఉంటే పరీక్ష జోలికి వెళ్లకుండా ముందు రీబిల్డ్ (కొత్త డిస్కులోకి డేటాను తిరిగి నింపడం) పూర్తి చేయాలి. రైడ్ 5లో ఒక డిస్కు పోయాక రెండోది కూడా పోతే శ్రేణి మొత్తం పోతుంది, పాతబడిన డిస్కులు ఇలాంటి భారం పడినప్పుడే చేతులెత్తేస్తుంటాయి. రీబిల్డ్, పేట్రోల్ రీడ్, స్క్రబ్ (చివరి రెండూ డిస్కుల్లో లోపాలు వెతికే తనిఖీలు) వంటివి వెనుక నడుస్తున్నప్పుడు కొలిచిన అంకెలు ఎలాగూ నమ్మదగినవి కావు.

పేర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. లినక్స్ డిస్కులకు ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి పేర్లు రీబూట్ తరువాత మారిపోవచ్చు కాబట్టి, డిస్కును సీరియల్ నంబరుతోనే గుర్తించాలి. ఏ బేలో (డిస్కును అమర్చే అర) ఏ నంబరు డిస్కు ఉందో పరీక్షకు ముందే పట్టికగా రాసి పెట్టుకోవాలి. మౌంట్ కాలేదు (ఫైళ్ల వాడకానికి సిస్టంకు జోడించలేదు) కనుక డిస్కు ఖాళీగా ఉందని అనుకోవడం మరో ప్రమాదం. రైడ్‌లోనో జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్కులను కలిపి వాడే ఫైల్ వ్యవస్థ) పూల్‌లోనో భాగమైన డిస్కు తన పేరుతో మౌంట్ జాబితాలో కనిపించదు, కానీ దాని మీద ఎఫ్‌ఐఓ అనే వేగపరీక్షా సాధనంతో నేరుగా రాతపరీక్ష నడిపితే అక్కడున్న డేటా చెరిగిపోతుంది. అందువల్ల డేటా ఉన్న యంత్రంలో చదివే పరీక్షలే చేయాలి, ఎఫ్‌ఐఓలోని రీడ్‌ఓన్లీ ఐచ్ఛికాన్ని ప్రతిసారీ తప్పకుండా జోడించాలి.

ఇక లెక్క సంగతి. డిస్కు నుంచి ప్రాసెసర్ దాకా ఉన్న దారిలో డిస్కు, బ్యాక్‌ప్లేన్ (డిస్కులు గుచ్చుకునే బోర్డు) మీది ఎక్స్‌పాండర్ (అనేక డిస్కులను కొద్ది లేన్లకు కలిపే చిప్పు), కేబుల్, కంట్రోలర్ కార్డు, పీసీఐఈ స్లాటు (మదర్‌బోర్డులో కార్డు గుచ్చే చోటు) వరుసగా వస్తాయి. ఎన్ని పిల్లకాలువలు వచ్చి కలిసినా తూము వెడల్పు మేరకే నీరు పారినట్టు, వీటిలో అన్నింటికన్నా ఇరుకైనదే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. సర్వర్ డిస్కులను కలిపే సాస్ పద్ధతిలో 6 గిగాబిట్ల లేన్‌లో (డేటా నడిచే ఒక్క దారి) 8 బిట్ల డేటాను 10 బిట్లుగా మార్చి పంపుతారు కనుక, ఒక్కో లేన్‌కు సెకనుకు 600 మెగాబైట్లు, నాలుగు లేన్ల కేబుల్‌కు 2400 మెగాబైట్లు పైహద్దు. సెకనుకు 200 మెగాబైట్లు చదవగల 24 హార్డ్‌డిస్కులను అలాంటి ఒక్క కేబుల్ వెనుక పెట్టి అన్నింటినీ ఒకేసారి చదివిస్తే, ఒక్కోదానికి దక్కేది గరిష్ఠంగా 100 మెగాబైట్లే. ఆచరణలో ఇంకా తక్కువే వస్తుంది. ఇక్కడ ఏ డిస్కులోనూ లోపం లేదు. రెండో కేబుల్ వేసి హద్దును 4800కు పెంచినా, కార్డు రెండో తరం పీసీఐఈ ఎనిమిది లేన్లదైతే దాని హద్దు 4000 దగ్గరే ఆగుతుంది. అదే కార్డును చూడటానికి పొడవుగా ఉండి లోపల నాలుగు లేన్లే కలిపిన స్లాటులో పెడితే అది 2000కు పడిపోతుంది. స్లాటు పొడవును చూసి లేన్లను ఊహించకుండా, లినక్స్‌లోని ఎల్‌ఎస్‌పీసీఐ కమాండు వివరంగా చూపే లింకు సామర్థ్యాన్నీ, ప్రస్తుత లింకు స్థితినీ పక్కపక్కన పెట్టి పోల్చాలి.

సాటా (సాస్ కన్నా సాదా రకం అనుసంధానం) డిస్కులు వాడేవారు మరో సంగతి గమనించాలి. 12 గిగాబిట్ల ఎక్స్‌పాండర్ వెనుక 6 గిగాబిట్ల డిస్కులు ఉండి, ఆ ఎక్స్‌పాండర్‌లో బఫరింగ్ (డేటాను కాసేపు నిల్వ ఉంచి ఎక్కువ వేగంతో పంపే) సదుపాయం లేకపోతే, ఆ డిస్కులతో నడిచే సంభాషణ పై లింకులో కూడా 6 గిగాబిట్ల వేగంతోనే సాగుతుంది.

కొలత మొదలుపెట్టే ముందు ప్రతి ఫై (లేన్ చివర సంకేతాలు పంపి, అందుకునే భాగం) దగ్గరా ఖరారైన లింకు వేగాన్నీ, దోష లెక్కలనూ రాసుకోవాలి. లినక్స్‌లో ఇవి పరికరాల వివరాలు చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లోని సాస్ ఫై విభాగంలో దొరుకుతాయి. చెల్లని డీవర్డులు (నాలుగు బైట్ల ముక్కలు), డిస్పారిటీ దోషాలు (సంకేతంలో 0లు, 1ల సమతూకం తప్పడం), సమకాలం కోల్పోయిన సందర్భాలు అక్కడ విడివిడిగా ఉంటాయి. సాటా డిస్కుల స్మార్ట్ పట్టికలో (డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునేది) 199వ అంశం సాధారణంగా సీఆర్‌సీ దోషాల (దారిలో డేటా చెడినట్టు పట్టుబడిన సందర్భాల) సంఖ్యను చూపుతుంది. ఈ అంకె పెద్దదిగా కనిపించినంత మాత్రాన కంగారుపడనవసరం లేదు, ఎందుకంటే ఎప్పుడో కేబుల్ వదులైనప్పుడు పెరిగిన లెక్క అలాగే మిగిలిపోతుంది. పరీక్షకు ముందు, పరీక్ష తరువాత తీసిన అంకెల మధ్య తేడా పెరుగుతూ ఉంటే మాత్రం అనుమానం ముందుగా కేబుల్ మీదికి, కనెక్టర్ మీదికి, బ్యాక్‌ప్లేన్ మీదికి వెళ్లాలి. డిస్కునే మొదట నిందించి మార్చేసే అలవాటు వల్ల మంచి డిస్కులు పారేస్తున్నామన్నది నా గట్టి అభిప్రాయం.

పరీక్షను ఒక్క డిస్కుతో మొదలుపెట్టి, తరువాత రెండు, నాలుగు, ఎనిమిది చొప్పున పెంచుకుంటూ పోవాలి. ఒక్కటిగా చదివినప్పుడే నెమ్మదిగా ఉన్న డిస్కును వేరే బేలోకి మార్చి చూస్తే, మందగమనం డిస్కు వెంట వెళ్లిందా, బే దగ్గరే ఉండిపోయిందా అన్నది తేలుతుంది. అయితే శ్రేణిని సక్రమంగా ఆపకుండా డిస్కును బయటికి లాగరాదు. విడివిడిగా అన్నీ బాగున్నా, మొత్తం వేగం ఒక సంఖ్య దగ్గర ఆగిపోయి, డిస్కులు పెంచినా కదలకపోతే, ఇరుకు ఉమ్మడి దారిలో ఉంది. ఆ సంఖ్యను పైన వేసిన లెక్కతో పోలిస్తే ఏ మెట్టు దగ్గర ఆగిందో సాధారణంగా స్పష్టమవుతుంది.

కొలతలో మోసపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. డైరెక్ట్ ఐఓ (మెమరీ కాష్‌ను దాటి నేరుగా డిస్కును చదవడం) వాడకపోతే మెమరీలోని కాష్ నుంచి వచ్చిన వేగాన్ని డిస్కు వేగంగా పొరబడతాం. హార్డ్‌డిస్కు వెలుపలి ట్రాకులు లోపలి వాటికన్నా వేగంగా చదువుతాయి కాబట్టి అన్ని డిస్కులనూ ఒకే స్థానం నుంచి చదివించాలి. ఏమీ రాయని ఎస్‌ఎస్‌డీ ఫ్లాష్‌ను తాకకుండానే సున్నాలు పంపగలదు, కనుక ఆ వేగానికి విలువ లేదు.

రాతలు మాత్రమే ఒక్కసారిగా మందగించినప్పుడు రైడ్ కార్డు బ్యాటరీని చూడండి. బ్యాటరీ బలహీనపడితే చాలా కార్డులు రైట్‌బ్యాక్ (రాతను కాష్‌లో ఉంచి తరువాత డిస్కుకు పంపడం) నుంచి రైట్‌త్రూకు (డిస్కులో రాశాకే పని పూర్తయిందనడం) తామే మారతాయి, అది డేటాను కాపాడే ఏర్పాటు. వేగం కోసం దాన్ని బలవంతంగా రైట్‌బ్యాక్‌లో పెట్టడం దయచేసి చేయవద్దు, కరెంటు పోయిన క్షణంలో కాష్‌లోని రాతలు పోతాయి. బ్యాటరీని మార్చడమే సరైన పని.

కార్డు వేడిని కూడా పరీక్షకు ముందే చూసుకోవాలి, ఎందుకంటే సర్వర్ పెట్టెలోని బలమైన గాలిని నమ్ముకొని చేసిన కార్డు గాలి ఆడని పెట్టెలో గంటల తరబడి భారం మోస్తే రీసెట్లు మొదలవుతాయి, కెర్నల్ లాగ్‌లో అవి డిస్కులు తెగిపోయినట్టుగా కనిపిస్తాయి.

ఒకసారికి ఒక్కదాన్నే మార్చి మళ్లీ కొలవాలి. ఫర్మ్‌వేర్ (పరికరంలోనే ఉండే సాఫ్ట్‌వేర్) మార్పును కేబుల్ మార్పుతో కలిపి ఎన్నడూ చేయకూడదు. ఎక్స్‌పాండర్ ఫర్మ్‌వేర్ రాస్తుండగా కరెంటు పోతే దాని వెనుక ఉన్న డిస్కులన్నీ ఒకేసారి కనబడకుండా పోవచ్చు కాబట్టి, యూపీఎస్ మీద నడుస్తున్నదని చూసుకొని, శ్రేణిని ఆపి, పాత వెర్షన్ ఫైలును ఆ సర్వర్‌లో కాకుండా వేరే యంత్రంలో సిద్ధంగా ఉంచుకున్నాకే మొదలుపెట్టాలి.