హంగేరియన్ మాట పుట్టుక మీరే పట్టుకోవడం ఎలా

హంగేరీ చుట్టూ జర్మన్, స్లావిక్ భాషలు, రుమేనియన్. మధ్యలో ఉన్న హంగేరియన్‌కి మాత్రం వీటిలో దేనితోనూ చుట్టరికం లేదు. ఉరల్ పర్వతాల వైపు నుంచి వచ్చిన భాష అని అందరూ చెప్తారు, ఆ సంగతి ఎలా తెలిసిందో మాత్రం చెప్పరు. ఇంటర్నెట్‌లో దొరికే నిఘంటువులు చాలు, మీరే తేల్చుకోవచ్చు.

ముందు మాటలు ఏరుకోండి. ఒంటి భాగాలు, చిన్న అంకెలు, నీళ్లు, చేప, చెట్టు లాంటివైతే మేలు, ఎందుకంటే వీటిని ఏ భాషా అంత తొందరగా అప్పు తెచ్చుకోదు. అమ్మానాన్నల మాటలు మాత్రం వద్దు. హంగేరియన్‌లో తండ్రిని 'అప' అంటారు, కన్నడంలో 'అప్ప' అంటారు, అంతమాత్రాన చుట్టాలైపోరు. పసిపిల్లల నోట ఇలాంటివి ఎక్కడైనా పుడతాయి.

ఇప్పుడు పక్కన, దీనికి దూరపు చుట్టమని చెప్పే ఫిన్లాండ్ భాష ఫిన్నిష్ మాటలు రాయండి. ముందుది హంగేరియన్, తర్వాతది ఫిన్నిష్. చేప: హల్, కల. మూడు: హారోమ్, కొల్మె. చెట్టు: ఫ, పూ. గూడు: ఫేసెక్, పెస్యా. ఇక్కడ పోలిక కాదు, తేడా చూడాలి. ఫిన్నిష్ 'క' ఉన్నచోట హంగేరియన్‌లో 'హ', 'ప' ఉన్నచోట 'ఫ', అదీ మళ్లీ మళ్లీ. చెయ్యి దగ్గర మాత్రం కేజ్, క్యాసి, రెండిట్లోనూ 'క'యే! తప్పు కాదు, 'ఎ', 'ఇ' లాంటి అచ్చుల ముందు 'క' మారలేదు. ఇంకా దగ్గరి చుట్టాలు కావాలంటే సైబీరియాలో ఓబ్ నది వైపు మాట్లాడే మాన్సీ, ఖాంతీ చూడండి. మాన్సీలో మూడు 'హూరుమ్'. అదే ఇల్లు అనే 'హాజ్' జర్మన్ 'హౌస్'లా వినిపించినా వాటికి సంబంధం లేదు, దాని జోడీ ఫిన్నిష్ 'కోత'.

తర్వాత అప్పులు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఎద్దు టర్కిష్‌లో 'ఒకూజ్', హంగేరియన్‌లో 'ఒకొర్'; సముద్రం 'దెనిజ్', 'తెంగెర్'. ఒట్టోమన్ తుర్కులు ఇప్పటి బుడాపెస్ట్‌లో భాగమైన బుడాని 1541 నుంచి 1686 దాకా ఏలారు కదా, అప్పుడొచ్చి ఉంటాయి అనుకుంటారు. కాదండీ. టర్కిష్‌లో 'జ' పలికేచోట 'ర' పలికే శాఖ ఒకటి, టర్కిష్ ఉన్న తుర్కిక్ కుటుంబంలోనే వేరే ఉంది, దాంట్లో ఇప్పుడు మిగిలింది రష్యాలో వోల్గా నది దగ్గరి చువాష్ ఒక్కటే. హంగేరియన్‌లో ఉన్నది ఆ 'ర'. అంటే 895 ప్రాంతంలో ఇప్పటి హంగేరీకి రాకముందే, స్టెప్పీ మైదానాల్లో ఉండగానే నేర్చుకున్న మాటలన్నమాట. బల్ల అనే 'అస్తల్', వీధి అనే 'ఉత్స' స్లావుల నుంచి వచ్చాయి. వంద అనే 'సాజ్' ఇంకా పాతది, సంస్కృతం, పర్షియన్ ఉన్న ఇండో-ఇరానియన్ కుటుంబం నుంచి తెచ్చుకున్న అప్పు, మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న 'శతం'తో దానికి నిజంగానే బంధుత్వం ఉంది.

ప్రత్యయాల కోసం హంగేరీలోని తిహాని మఠం 1055 నాటి శాసనపత్రం చూడండి. లాటిన్ పత్రమే, మధ్యలో హంగేరియన్ ముక్కలున్నాయి. అందులో 'ఉతు రెఅ' అంటే దారి మీదికి. ఇప్పుడది 'ఊత్‌ర'. విడిమాట వెళ్లి ముందు మాటకు అతుక్కుపోయింది. మన తెలుగులా ఇదీ ప్రత్యయాలు అతికించే భాషే, అయితే ఆ ఒక్క పోలికతో ద్రావిడ చుట్టరికం అంటగట్టకండి, స్వాహిలీ కూడా అతికిస్తుంది.

చివరగా, దొరికిన మాట మొదట ఏ ఏడాదిలో కనిపించిందో చూడండి. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో కజింత్సి ఫెరెన్స్ లాంటి రచయితలు భాషా సంస్కరణ పేరుతో వేల మాటలు తయారుచేశారు. అప్పటికి ముందు ఎక్కడా కనిపించని మాటైతే ఫిన్నిష్‌తో పోల్చే పట్టికలోంచి తీసేయండి.