మరయూర్ మునియరలు, చిన్నార్ అడవి: మూడు రోజుల్లో ఎలా చూసి రావాలి?

మున్నార్ వెళ్ళే మనవాళ్ళు చాలామంది టీ తోటల దగ్గర ఫొటోలు దిగి వెనక్కి వచ్చేస్తారు. అక్కడి నుంచి సుమారు 40 కిలోమీటర్లు కిందికి దిగితే మరయూర్ లోయ వస్తుంది. ఆ లోయలోని రాతి గుట్టల మీద ఇనుప యుగం నాటి రాతి సమాధులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. రెండు మూడు వేల ఏళ్ల నాటివి. వాటిని మలయాళంలో 'మునియర' అంటారు. ముని ఉండే గది అని అర్థం. వాటితో పాటు చుట్టూ ఉన్న అడవిని, జలపాతాలను, కొండలను తొందర లేకుండా చూడటానికి ఈ ప్లాన్.

1. నెల చూసుకోండి

మరయూర్ వానచాటు ప్రాంతం. పడమటి కనుమల అవతల వానలు దంచి కొడుతున్నా ఇక్కడ పొడిగానే ఉంటుంది. పక్కనే ఉన్న మున్నార్ అలా కాదు. జూన్ నుంచి ఆగస్టు వరకు ఆ ఘాట్ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడే ప్రమాదం ఉంటుంది. 2020 ఆగస్టులో రాజమల దగ్గర పెట్టిముడిలో జరిగిన ఘోరం అలాంటిదే. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు మరయూర్ మీద కూడా పడతాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నీలగిరి తార్ అనే అడవి మేకలు పిల్లలను కనే కాలమని మున్నార్ దగ్గరి ఎరవికులం జాతీయ పార్కును మూసేస్తారు. ఎండలు ముదిరితే కార్చిచ్చు భయంతో అడవి నడకలు ఆపేయవచ్చు. నా లెక్కన సెప్టెంబరు, లేదంటే డిసెంబరు, జనవరి మంచి కాలం.

2. ఉడుమలైపేట వైపు నుంచి ఎక్కండి

ఎక్కువమంది ఆలువా లేదా ఎర్నాకుళంలో దిగి మున్నార్ మీదుగా వస్తారు. నేను మాత్రం తమిళనాడు వైపు దారే ఎంచుకోమంటాను. సికింద్రాబాద్, గుంటూరు, తిరుపతి నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో కోయంబత్తూరు చేరి, పొల్లాచ్చి మీదుగా ఉడుమలైపేట వెళ్ళండి. అక్కడి నుంచి మరయూర్‌కు బస్సులున్నాయి, దూరం 40 కిలోమీటర్ల పైచిలుకు. ముళ్ళ అడవిలో మొదలైన దారి, కొండెక్కే కొద్దీ పచ్చబడుతుంది. ఈ మార్పు కళ్ళారా చూస్తే లోయ స్వభావం సగం అర్థమైపోతుంది.

దారంతా పులుల అభయారణ్యం, తర్వాత చిన్నార్ అభయారణ్యం. పొద్దు వాలాక చెక్‌పోస్టుల దగ్గర వాహనాలు ఆపేస్తారు కాబట్టి మధ్యాహ్నం 3 గంటలకల్లా ఉడుమలైపేట దాటేయండి. మధ్యలో బండి దిగి ఏనుగుల కోసం వెతకొద్దు.

3. మొదటి రోజు: మునియరలు

మరయూర్ పక్కనే ఉన్న కోవిల్కడవులో బస చేస్తే పాంబార్ నది ఒడ్డున ఉన్న తెన్కాశినాథన్ గుడి, మునియరల గుట్ట రెండూ దగ్గర. తెల్లవారుజామున బయలుదేరండి. గుట్టంతా నున్నటి బండ, ఎక్కడా నీడ ఉండదు, ఎనిమిది దాటితే కాళ్ళ కింద వేడి మొదలవుతుంది. పట్టున్న బూట్లు, మనిషికి ఒక లీటరు నీళ్ళు తప్పనిసరి. రాత్రి చినుకు పడి ఉంటే ఎక్కే పని మానుకోండి, బండ జారుతుంది.

పైకి చేరాక వెంటనే ఫోన్ తీయకండి. ముందు ఒక్క మునియర ఎంచుకుని దాని చుట్టూ నెమ్మదిగా తిరగండి. పక్కలకు నిలువుగా నిలబెట్టిన పలకలు, వాటి మీద మూతలా పరిచిన పెద్ద బండ కనిపిస్తాయి. ఎత్తు మన నడుము దాకా వస్తుందేమో. పలకల అంచులు ఒకదానికొకటి ఎక్కడ ఆనుకున్నాయో చూడండి. సున్నం లేదు, మట్టి లేదు, బరువే వాటిని పట్టి నిలిపింది. తర్వాత నాలుగడుగులు వెనక్కి వేసి మొత్తం గుట్టను చూడండి. పాదాల కింద ఉన్నదీ, గోడలైనదీ, కప్పు అయినదీ ఒకే రాయి. ఈ బండను తవ్వి పూడ్చడం కుదరదు కనుకే గది నేల పైన లేచిందని నాకు అనిపిస్తుంది.

దక్షిణ భారతంలో ఇలాంటి సమాధులు చాలావాటిలో మనిషిని నేరుగా పూడ్చలేదు. తర్వాత ఏరి తెచ్చిన ఎముకలను కుండలు, ఇనుప పనిముట్లు, పూసలతో పాటు పెట్టేవారు. మరయూర్‌లో ఇప్పుడు గదులు ఖాళీ. కొన్నింటి మూతలు జారిపడ్డాయి, కొన్ని పలకలు విరిగాయి. పాండవులు వనవాసంలో ఇక్కడ దాక్కున్నారని స్థానికులు చెప్పుకుంటారు. మనకూ ఈ కథ కొత్త కాదు. ములుగు జిల్లా దామరవాయి అడవుల్లోని ఇలాంటి సమాధులనే మనం రాక్షస గుళ్ళు అంటున్నాం. ఇంతటి బండలు మామూలు మనుషులు ఎత్తారంటే నమ్మలేక అక్కడ మునులను, ఇక్కడ రాక్షసులను తలుచుకున్నాం.

దయచేసి మూతబండ ఎక్కి ఫొటో దిగకండి. లోపల దూరకండి, పేర్లు చెక్కకండి, చిన్న రాయి కూడా జేబులో వేసుకోకండి. అది ఎవరో తమ వాళ్ళ కోసం కట్టుకున్న సమాధి. పిల్లలతో వెళ్తే ఈ మాట గుట్ట కిందే చెప్పండి.

4. అదే సాయంత్రం: చందనం, బెల్లం

కేరళలో గంధపు చెట్లు సహజంగా పెరిగే అడవి ఇదే. రోడ్డు పక్కన కంచెల వెనక చెట్లకు నంబర్లు వేసి ఉంటాయి. గంధం వాసన వస్తుందని ఆశపడొద్దు, పరిమళం చేవలో ఉంటుంది, బతికున్న చెట్టు బయటికి ఏమీ చెప్పదు. రాలిన పుల్ల అయినా తీయొద్దు, కేసు అవుతుంది. ఆది మానవుల రంగు బొమ్మలున్న ఎళుత్తు గుహ ఈ చందనవనంలోనే ఉంది. చూడాలంటే ముందు అటవీ శాఖ ఆఫీసులో అడగండి, సొంతంగా బయలుదేరకండి.

చెరకు తోటల మధ్య బెల్లం వండే పాకలు కనిపిస్తాయి. మరయూర్ బెల్లానికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అనకాపల్లి దిమ్మలు చూసిన కళ్ళకు ఇక్కడి ఉండలు కొత్తగా ఉంటాయి, చేత్తోనే చుడతారు. పాక దగ్గరే కొనండి.

5. రెండో రోజు: చిన్నార్, తూవానం

చిన్నార్ అభయారణ్యం సుమారు 90 చదరపు కిలోమీటర్లు. అటవీ శాఖ గైడ్ లేకుండా లోపలికి పంపరు. గైడ్లు ఎక్కువగా ఇక్కడి ఆదివాసులే. ఆలంపెట్టి నుంచి తూవానం జలపాతానికి నడక ఉంది, రానుపోను సగం పూట కేటాయించుకోండి. మొదటి బ్యాచ్‌లో వెళ్తే నీడ దొరుకుతుంది, జంతువులూ కనిపిస్తాయి. మట్టి రంగు బట్టలు వేసుకోండి, సెంటు కొట్టుకోకండి. పాంబార్ ఒడ్డున పెద్ద చెట్ల మీద బూడిద రంగు బెట్లుడుత (పెద్ద రకం ఉడుత) కోసం తల ఎత్తి చూస్తూ ఉండండి, దేశంలో ఇది కొన్ని చోట్లే మిగిలింది. నక్షత్ర తాబేళ్ళు కూడా ఈ అడవిలో ఉన్నాయి. గైడ్ ఆగమంటే ఆగాలి, అంతే.

ఈ పాంబార్ కేరళలో తూర్పుకు పారే మూడు నదుల్లో ఒకటి. అమరావతిలో కలిసి, చివరికి కావేరికి చేరుతుంది.

6. మూడో రోజు: మున్నార్ వైపు

కాంతల్లూర్ చూడాలనుకుంటే రెండో రోజు సాయంత్రమే వెళ్ళి రండి, చల్లటి ఊరు, తోటలు బాగుంటాయి. మూడో రోజు పొద్దున్నే మున్నార్ బస్సు ఎక్కి దారిలో లక్కం జలపాతం దగ్గర దిగండి. అక్కడి నుంచి ఎరవికులం. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, సెలవు రోజుల్లో క్యూ చూస్తే టెన్షన్ వస్తుంది. అటవీ శాఖ బస్సే రాజమల దాకా తీసుకెళ్తుంది. నీలగిరి తార్‌లు దారి పక్కనే మేస్తుంటాయి, తినడానికి ఏమీ పెట్టొద్దు. ఎదురుగా ఆనముడి, 2,695 మీటర్లు, హిమాలయాలకు దక్షిణాన ఇంతకంటే ఎత్తైన శిఖరం లేదు.

నీలకురింజి కోసం వచ్చేవాళ్ళు మాత్రం ఏడాది చూసుకోవాలి. పన్నెండేళ్లకోసారి పూసే ఈ పువ్వు ఇక్కడి కొండల్ని 2006లో, 2018లో కప్పేసింది. ఆ లెక్కన వచ్చేది 2030. ఆ ఏడు ఆగస్టు, అక్టోబరు మధ్య రావాలనుకుంటే రూములు, పార్కు టికెట్లు చాలా ముందుగానే చూసుకోండి.