రోడ్డు మీద మాజీ సైనికుడు కనిపిస్తే ముందు ఆర్మీ నంబర్ అడగండి

నేను ఆర్మీలో వాహనాలు, ఆయుధాలు రిపేరు చేసే ఈఎంఈ విభాగంలో 17 ఏళ్లు చేసి హవల్దారుగా రిటైరయ్యాను. మూడేళ్ల కిందట సికింద్రాబాద్ స్టేషన్ బయట ఒక పెద్దాయన పడుకుని ఉన్నాడు. తలవైపు చెప్పులు రెండూ మడమలు కలిపి, వరసగా సర్దుకున్నాడు. బ్యారక్‌లో మంచం కింద బూట్లు పెట్టే తీరు అది. "పెద్దాయనా, ఆర్మీ నంబరెంత?" అన్నాను. లేచి కూర్చుని గడగడా చెప్పేశాడు. కొడుకు గురించి అడిగితే మాత్రం తల తిప్పుకున్నాడు.

అందుకే చెబుతున్నా, ఎందుకిలా అయ్యావని అడగొద్దు. ముందు చాయ్, టిఫిన్ పెట్టించండి. జ్వరమో గాయమో ఉంటే 108కి, నిద్రలో అరుస్తున్నా మాట తడబడుతున్నా మానసిక సమస్యల హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. ఈయన ఫోటో ఎవరో గ్రూపులో పెడితే రెండు రోజులు కనిపించకుండా పోయాడు. ఊళ్లో తెలుస్తుందన్న టెన్షన్. ఆ రాత్రికి మున్సిపాలిటీ వాళ్ల నిరాశ్రయుల షెల్టర్‌కి పంపాలంటే మీరు కూడా వెంట వెళ్లండి.

తర్వాత కాగితం మీద రాసుకోండి: నంబరు, ర్యాంకు, రెజిమెంట్, చేరిన ఏడాది, బయటికొచ్చిన ఏడాది. డిశ్చార్జ్ బుక్ పోయిందంటే కంగారు పడొద్దు. ఆ వివరాలు రికార్డ్ ఆఫీసులో ఉంటాయి. మద్రాస్ రెజిమెంట్‌కి వెల్లింగ్టన్‌లో, ఆర్టిలరీకి నాసిక్‌లో, ఈఎంఈకి మన సికింద్రాబాద్‌లోనే. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఆయన్ని తీసుకెళ్తే అక్కడి నుంచి రికార్డ్ ఆఫీసుకి ఉత్తరం రాయించవచ్చు. ఆధార్ కూడా పోతే ఆధార్ సెంటర్లో వేలిముద్రలతో వెతకమనండి.

ఇక్కడ ఒక విషయం తేలాలి: ఆయనకు పెన్షన్ ఉందా, లేదా? జవాన్‌కి 15 ఏళ్ల సర్వీసు ఉంటేనే మామూలు సర్వీస్ పెన్షన్. ఉన్నా, ఏటా నవంబర్‌లో బతికే ఉన్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే ఆగిపోతుంది. ఇల్లు వదిలి తిరిగే మనిషికి నవంబర్ వచ్చిందని ఎవరు గుర్తు చేస్తారు? ఆ సర్టిఫికెట్‌ని ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్‌లో ముఖం చూపించి మళ్లీ ఇప్పించండి, ఆగిన బకాయి కూడా అడగండి.

పెద్దాయన తొమ్మిదేళ్ల సర్వీసుకే బయటికొచ్చాడు, పెన్షన్ లేదు. ఇలాంటి వాళ్లు 65 దాటి, హవల్దారు లేదా అంతకంటే కింది ర్యాంకువాళ్లై, వేరే ఆదాయం లేకపోతే పెన్యూరీ గ్రాంట్ అనే నెలవారీ సాయం ఉంది. నెలకు 4 వేలు ఉండేది, 2025 నవంబర్ నుంచి 8 వేలు చేశారు. ఆ డబ్బు వచ్చేది సాయుధ దళాల పతాక దినం నిధి నుంచే. డిసెంబర్ 7న మీ పిల్లల స్కూల్లో జెండా స్టిక్కర్ అమ్మితే కొనండి, అది ఇలాంటి మనిషికే చేరుతుంది.

కొడుకులు ఆస్తి రాయించుకుని గెంటేసినవాళ్లకు 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది. ఆర్డీవో దగ్గర ఫిర్యాదు చేయాలి. మా పెద్దాయన ఒప్పుకోలేదు, నేనూ బలవంతం చేయలేదు.

ఆ గ్రాంట్ కోసం మేము ఒక ఆఫీసుకి మూడుసార్లు తిరిగాం, మొత్తం ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడాయన బోయిన్‌పల్లిలో చిన్న గదికి తన డబ్బుతోనే అద్దె కడుతున్నాడు. దరఖాస్తు పెట్టి వదిలేయకండి, ఆ నెలలే కష్టం. వారానికోసారైనా వెళ్లి పలకరించండి. రికార్డుల నకలు రాగానే రెండు జిరాక్సులు తీయించి, ఒకటి మీ దగ్గర దాచండి.